తెలుగు క్లాసులో నేనొక్కతెనే

పొద్దున మనవరాలి కాలేజీ నుంచి నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అమ్మాయి ఈ రోజు క్లాసుకు రాలేదని. వేలమంది చదివేచోట ఒక్క పిల్ల తగ్గితే కనిపెట్టేది మిషనేనంట. నాకు నవ్వొచ్చింది. మా కాలంలో నేను రాకపోతే క్లాసంతా రానట్టే, ఎందుకంటే వేలూరులో మా కాలేజీలో తెలుగు తీసుకున్నది నేనొక్కతెనే.

మాది గుడియాత్తం. ఇంట్లో పొద్దస్తమానం తెలుగే మాట్లాడినా చదవను, రాయను ఎవరికీ రాదు. మన అక్షరాలు ఒక్కరికైనా రావాలని మా నాయన పట్టుబట్టి నన్ను ఆ తెలుగు క్లాసులో చేర్పించినాడు. ఖాళీ బెంచీల నడుమ నేనొక్కతెనే కూర్చోనున్నా, మా తెలుగు అయ్యవారు నా పేరు గట్టిగా పిలిచి, పలికింది ఎవరా అని గదంతా కలియజూసేవారు. వెనక బెంచీవాళ్ళు అల్లరి చేయకూడదని హెచ్చరించేవారు కూడా. నేను తుమ్మితే చాలు, పాఠం ఆపి మిరియాల కషాయం తాగమనేవారు. నేను మానేస్తే తెలుగు క్లాసు మూసేస్తామని ప్రిన్సిపాలు ముందే చెప్పి ఉన్నారు, ఆ వయసులో అయ్యవారికి ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు?

ఇట్లుండగా అణైకట్ నుంచి, సేద్యం చేసుకునేవాళ్ళ ఇంటి నుంచి నాకు సంబంధం వచ్చింది. అక్షరాలు వచ్చేసినాయి కదా, ఇంక చదువు చాలు, వేసవిలోనే ముహూర్తం అన్నాడు నాయన. నాకేమో చదువంటే ప్రాణం. ఇంట్లో అడిగేవాళ్ళు లేక అయ్యవారి దగ్గర చెప్పుకుని ఏడ్చినాను. పెళ్ళిచూపుల నాడు సొజ్జీ బజ్జీల పళ్ళెం పట్టుకుని నట్టింటికి వచ్చేసరికి, మగపెళ్ళివారి మధ్యలో మా అయ్యవారు కూర్చుని ఉన్నారు! పిలవకుండానే బస్సెక్కి వచ్చేసినారు. వాళ్ళు ఆయనను నా మేనమామ అనుకున్నారు, మావాళ్ళు మగపెళ్ళివారి పెద్దాయన అనుకున్నారు, కాబట్టి రెండువైపులా పోటీపడి ఆయనకు బజ్జీలు వడ్డించినారు.

ఆయన పెళ్ళికొడుకును వదిలేసి, పక్కనున్న అతని చెల్లెలిని ఏం చదివినావమ్మా అని అడిగినారు. బడి చదువు అప్పుడే ముగిసిందంట. ఆయన కళ్ళు మెరిసినాయి. తానెవరో అప్పుడు చెప్పుకుని, ఆ పిల్లను కాలేజీకి పంపి తెలుగు చదివించమని ఉడుంపట్టు పట్టినారు. కాబోయే మామగారు మెత్తబడినా, కాబోయే అత్తగారు మాత్రం "పిల్లను ఒంటిగా యాడికీ పంపేది లేదప్పా" అన్నది. అయ్యవారు బజ్జీ నములుతూనే నన్ను చూపించి, "తోడుకు ఈ బిడ్డ ఉండాది కదమ్మా, చదువు ముగిసినాక పెళ్ళి పెట్టుకుంటే సరి" అన్నారు. మగపెళ్ళివారు తలలూపేసినారు. వాళ్ళే సరేనన్నాక మా నాయన ఇంకేమంటాడు?

అట్లా నా డిగ్రీ దక్కింది, ఆయన ఉద్యోగమూ నిలిచింది. కాకపోతే కాబోయే ఆడబిడ్డే పక్కన కూర్చోవడం వల్ల నేను క్లాసులో ఆవులించినా సాయంత్రానికి అణైకట్‌లో తెలిసిపోయేది. అయ్యవారేమో పరీక్ష పెట్టిన ప్రతిసారీ మా ఇద్దరికీ మొదటి ర్యాంకు, రెండో ర్యాంకు ప్రకటించి మురిసిపోయేవారు.

ఇప్పుడు వేలూరులో సీటు కోసం పిల్లలే బారులు తీరుతున్నారు, చదువు చెప్పేవాళ్ళు ఇళ్ళకు వచ్చే అవసరమేముంది? ఆయన వచ్చింది తన ఉద్యోగం కోసమేనని మా ఆడబిడ్డ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. కావచ్చు. కానీ ఆ రోజు నట్టింట్లో నావాళ్ళు అంతమంది ఉండి కూడా, ఈ బిడ్డ చదువుకోవాలని నోరు తెరిచి అడిగింది ఆయనొక్కరే.