నీళ్ళు పోయని చక్రం

ఆ రాయిని పగలగొట్టింది రాళ్ళాయన. తప్పు మాత్రం రాయి మీదికి నెట్టాడు.

మా మేనత్త పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు చేసేది. వీధిలో అందరికీ ఆమె పళ్ళత్త. సెలవు రోజున ఏటి ఒడ్డున రాళ్ళేరుకోవడం తప్ప వేరే సరదా ఎరగదు. ఒకసారి గుప్పెడంత రాయి దొరికింది. తడిపితే లోపల ఎర్రటి చారలు, ఉల్లిపొరల్లా. మెరుగు పెట్టించుకుందామని రాళ్ళు సానపట్టే షాపుకు తీసుకెళ్ళింది. రాళ్ళాయన నీళ్ళ కుళాయి తిప్పడానికి బద్ధకించి, పొడి చక్రానికే రాయిని అదిమాడు. కాలిన వాసన వచ్చింది. "నీళ్ళండీ, నీళ్ళు!" అని అత్త అరిచేలోగా రాయి టప్పున రెండు ముక్కలైంది.

"పునాదిలో వేసే రాయమ్మా ఇది. పళ్ళు గీక్కునేవాళ్ళకి రాళ్ళ సంగతేం తెలుస్తుంది?" అన్నాడతను. షాపులో ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు.

తడి లేకుండా అరగదీస్తే కట్టుడు పన్ను కూడా వేడెక్కి వంకరపోతుంది. ఆ సంగతి అత్తకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ముక్కలు రెండూ రుమాల్లో మూటగట్టుకుని వచ్చేసింది. తప్పు తనదేనని అతను నలుగురి ముందూ తన నోటితో చెప్పాలి. ఆమె పట్టిన పట్టు అదొక్కటే.

రాయి మంచిదని ముందు చూపించాలి. దానికి సొంత మిషను కావాలి. ఒక షాపువాడు దొర్లే డ్రమ్ము చూపించాడు. రాళ్ళూ గరుకు పొడీ నీళ్ళూ పోసి మూతపెట్టి తిప్పుతూ ఉంటే, నెల్లాళ్ళకు అవే నునుపెక్కుతాయట.

"అన్నీ గోలీల్లా వస్తాయక్కా!"

"గోలీలాడే వయసు దాటిపోయింది బాబూ."

ఇంకొకడు చేత్తో పట్టుకునే గ్రైండరు తీశాడు. "దీంతో గోడనైనా కోసెయ్యొచ్చు."

"నాకు గోడ మీద కోపం లేదు" అంది అత్త.

చివరికి ఒకే ఇరుసు మీద ఆరు చక్రాలున్న మిషను దగ్గర ఆగింది. గరుకు నుంచి నునుపు దాకా వరసగా చక్రాలు, ఒక్కోదాని మీదా నీళ్ళు కారే గొట్టం. మోటారు వేయించి, పక్కన నిండు గ్లాసు పెట్టి చూసింది. నీళ్ళు తొణకలేదు. "ఊగే చక్రం రాయిని కొడుతుంది, అరగదియ్యదు. ఇది ఊగట్లేదు" అని అప్పటికప్పుడే బండెక్కించింది.

చక్రం మార్చిన ప్రతిసారీ రాయినీ చేతులనూ గోళ్ళ సందులనూ కడుక్కునేది. గరుకు రేణువు ఒక్కటి మిగిలినా నునుపు మీద గీత పడుతుంది. మూడు వారాలకు ఒక ముక్క, విరిగిన వైపు తప్ప, అద్దంలా తేలింది. దాన్ని డాక్టరు గారి కిటికీలో పెట్టింది. రాళ్ళాయన అటు వెళుతూ ఆగి చూశాడు.

"మంచి ముక్క మిగిలిందన్నమాట. లోపం రెండోదాంట్లో ఉంది" అనేసి పోయాడు.

అత్త రెండో ముక్కనూ అలాగే మెరిపించింది. అతను ఆ వీధిలో నడవడమే మానేశాడు. తొమ్మిదేళ్ళు గడిచాయి. అత్త ఆ ముక్కల మీద దుమ్ము వాలనివ్వలేదు.

తర్వాత రాళ్ళాయన పళ్ళన్నీ ఊడిపోయాయి. డాక్టరు అతని చిగుళ్ళకు తీసిన అచ్చు అత్త బల్ల మీదికి వచ్చింది. చీటీ మీద పేరు చూసి అత్త నా వైపు తిరిగి నవ్వింది.

"ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ గీకితే చాలురా. జన్మలో ముద్ద నమలలేడు" అంది.

"గీకుతావా?"

"గీకితే పళ్ళదే తప్పంటాడు."

అంత శ్రద్ధగా ఆమె ఎవరి పళ్ళూ చేయలేదు. పెట్టించుకోవడానికి అతన్ని డాక్టరు గారి బెంచీ నిండా జనం ఉండే వేళకే రమ్మంది. అతను బోసినోటితో కుర్చీలో కూర్చున్నాడు. అత్త రెండు ముక్కలనూ కలిపి అతని ఒళ్ళో పెట్టింది. అతుకు దగ్గర చారలు చారలతో కలిశాయి. పళ్ళున్న నీళ్ళ గ్లాసును మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది.

"తప్పు రాయిదా, మీదా?"

అతను గ్లాసు వంక చూశాడు, బెంచీ వంక చూశాడు. "నాదేనమ్మా. నీల్లు ఫొయ్యలేదు" అని గొణిగాడు.

అత్త గ్లాసులోంచి పళ్ళు తీసి అతని నోట్లో అమర్చింది. కరిపించి చూసింది. ఎక్కడా ఎత్తు లేదు. అప్పుడు పక్కకు జరిగి, బెంచీ మీద వాళ్ళందరికీ అతని మొహం కనపడేలా నిలబడింది. వాళ్ళిద్దరూ ఎదురుపడటం అదే ఆఖరు.

"ఇప్పుడు నోటినిండా పళ్ళున్నాయిగా. మళ్ళీ చెప్పండి, గట్టిగా."