అద్దం తలుపు కంప్యూటర్ గది

1994 జూలైలో నన్ను ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బదిలీ చేశారు. హోదా లెక్కల లెక్చరర్. చేరిన రోజే, కొత్తగా తెరిచిన కంప్యూటర్ శిక్షణ కేంద్రానికి ఇన్‌ఛార్జి అని ఇంకో ఉత్తర్వు చేతిలో పెట్టారు. ఇన్‌ఛార్జి అంటే పని పెరుగుతుంది, మాటలు పడడం పెరుగుతుంది, జీతం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. కంప్యూటర్ గురించి నాకున్న జ్ఞానమంతా హైదరాబాదులో ఇచ్చిన పదిహేను రోజుల శిక్షణే. అందులో మొదటి మూడు రోజులు యంత్రాన్ని ముట్టుకోనివ్వలేదు.

కేంద్రంలో నాలుగు యంత్రాలు, ఒక ఏసీ ఉండేవి. దుమ్ము పడకూడదని చెప్పులు బయటే విడవాలి. చల్లదనం పోకూడదని తలుపు మూసే ఉంచాలి. ఇంటర్ పాసైనవాళ్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు. చేరికల వారంలో నాకు ఒక విషయం అర్థమైంది. కొడుకును తీసుకొచ్చిన తండ్రి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది నేర్సుకుంటే దుబాయి పోతడా సార్?" ఆడబిడ్డను తీసుకొచ్చిన తండ్రికి మూడు ప్రశ్నలు: "కూసుండి చేసే పనేనా? ఎండకు పోవుడు లేదు గదా? మరి గా తలుపెందుకు మూసిండ్రు?"

మొదటి రెండింటికీ నా దగ్గర జవాబుంది. మూడోదానికి చెప్పే జవాబును ఎవరూ నమ్మేవారు కాదు. ఏసీ గురించి ఎంత చెప్పినా, ఆడపిల్లలూ మగపిల్లలూ ఉండే గది తలుపు మూయడానికి అదో వంక అన్నట్టే చూసేవారు. చివరికి వడ్రంగిని పిలిపించి లోపలంతా కనబడేలా తలుపుకు నిలువెత్తు అద్దం పెట్టించాను. అప్పుడుగాని పన్నెండు మంది అమ్మాయిలు చేరలేదు.

లింగంపేట నుంచి వచ్చిన నర్సవ్వకు అద్దం మీద కూడా నమ్మకం కుదరలేదు. మొదటి నెలంతా బిడ్డ రజితతో పాటు బస్సులో వచ్చి, వరండాలో అద్దానికి ఎదురుగా కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. తలుపు తెరిచినప్పుడల్లా పొగాకు ఘాటు లోపలికొచ్చేది. యంత్రాలకు మంచిది కాదు, కాస్త దూరంగా కూర్చోమ్మా అన్నాను. "నీ మిషన్లకు తుమ్ములొస్తయా సారూ?" అని నన్నే అడిగింది. తుమ్ములు యంత్రాలకు కాదు, నాకే వచ్చేవి.

ఒకరోజు ఆమే విషయం తేల్చి చెప్పింది. "ఆర్నెల్లు దీని సాట పక్కకు వెట్టిన సారూ. నౌకరి దొరికితె సరే. లేకుంటె మల్ల ఆకు కత్తిరిచ్చుడే."  రజిత గడువు ఎంతో నాకు ఆ రోజు తెలిసింది.

ఇక నా తెలివి గురించి చెప్పాలి. నాలుగు యంత్రాలతో ఇరవై నాలుగు మందిని ఎలా లాగాలా అని ఆలోచించి, వాళ్లను రెండు బ్యాచ్‌లుగా విడగొట్టాను. పొద్దున అబ్బాయిలకు ప్రోగ్రామింగ్, అంటే యంత్రానికి ఏ పని ఎలా చేయాలో వరుసగా ఆదేశాలు రాయడం. పగలు అమ్మాయిలకు డేటా ఎంట్రీ, అంటే రాసిందాన్ని కొట్టడం. ఆలోచన అబ్బాయిలది, వేళ్లు అమ్మాయిలవి అని నాకు నేనే చెప్పుకున్నాను. బీడీలు చుట్టిన వేళ్లు కదా, చురుగ్గా ఉంటాయని దానికో సమర్థన కూడా దొరికింది. అబ్బాయిలకూ ఇది నచ్చింది. టైపు ఆడోళ్ల పని అని వాళ్లు కీబోర్డు జోలికే పోయేవారు కాదు. నల్లబల్ల చూసి ప్రోగ్రాములు కాగితం మీద రాసి, నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవారు. పగలు అమ్మాయిలు వాటిని యంత్రంలో కొట్టేవారు. మర్నాడు పొద్దున ఫలితాలు అచ్చై సిద్ధంగా ఉండేవి.

అప్పట్లో నేర్పింది బేసిక్ అనే భాష. ప్రతి లైనుకు పది, ఇరవై, ముప్పై అని నంబరు వేయాలి. తప్పుంటే యంత్రం కుయ్‌మని, ఫలానా లైనులో తప్పు అని చూపిస్తుంది. రెండో వారంలో రజిత వచ్చి, "నలభై నంబరు లైనుల తప్పంటున్నది సార్, మార్చాల్నా?" అని అడిగింది. ఆ తప్పేమిటో నిజానికి నాకూ తెలియలేదు. ఇన్‌ఛార్జిని కాబట్టి గంభీరంగా, "వాళ్లు రాసింది మార్చొద్దమ్మా. చూసి సరిగ్గా కొట్టు" అన్నాను. తల ఊపి వెళ్లిపోయింది. ఆ తర్వాత తప్పుల గురించి ఎప్పుడూ అడగలేదు. ఇంకోసారి మాత్రం, తమకు ప్రోగ్రామింగ్ ఎందుకు చెప్పరని అడిగితే, అది మీకు కష్టమని ఓదార్చాను.

అబ్బాయిల్లో తాడ్వాయి శ్రీకాంత్ అందరికంటే మెరుగు. అతని ప్రోగ్రాము ఒక్కటి కూడా తప్పు చూపలేదు. డిసెంబరు చివర్లో ఎల్లారెడ్డి నుంచి, నాకు పాత పరిచయమున్న గౌస్ సాబ్ ఉత్తరం రాశారు. ఆయన అక్కడ ఒక విత్తనాల సంఘానికి కార్యదర్శి. కంప్యూటర్ ఆపరేటర్ పోస్టు ఒకటుంది, మీ దగ్గర ఎవరు మొదటివారైతే వారి పేరు పంపండి అని అడిగారు. పరీక్ష ఇంకా వారం ఉంది. ఆగవచ్చు. ఆగకుండా శ్రీకాంత్ పేరు రాసి పంపేశాను.

పరీక్ష జనవరిలో జరిగింది. ప్రాక్టికల్‌కు నిజామాబాద్ నుంచి బయటి పరీక్షాధికారి వచ్చారు. సీలు తీసి ప్రశ్నపత్రం చూశాను. అందరికీ ఒకటే ప్రశ్న: ప్రోగ్రాము సొంతంగా రాయాలి, తనే కొట్టాలి, నడిపి చూపాలి. చేరిన రోజున ఇచ్చిన ఉత్తర్వు తీసి మళ్లీ చదివాను. కోర్సు ఒకటే. అబ్బాయిలకు ఇది, అమ్మాయిలకు అది అని ఎక్కడా లేదు. నేను విడగొట్టింది నా బుర్రలోంచి వచ్చిందే.

మొదటి నలుగురిలో శ్రీకాంత్ కూర్చున్నాడు. పది నిమిషాల్లో కాగితం మీద రాసేశాడు. తర్వాత కీబోర్డు వైపు కాసేపు చూసి, చెయ్యెత్తి లేచి నిలబడ్డాడు. "సార్, నాది అయిపోయింది. కొట్టేటోళ్లు ఏరి?"

పరీక్షాధికారి నా వైపు చూశారు. నేను ఏసీ వైపు చూశాను. నువ్వే కొట్టాలి బాబూ అని ఆయన చెప్పాక, శ్రీకాంత్ బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కో అక్షరం వెతుక్కున్నాడు. అరగంటకు ఆరు లైన్లు వచ్చాయి. యంత్రం కుయ్‌మంది. ఆ కూతను అతను జీవితంలో మొదటిసారి విన్నాడు. కరెంటు పోయిందా అని అడిగాడు.

రజిత వంతు పన్నెండింటికి వచ్చింది. కాగితం తీసుకోలేదు. నేరుగా కొట్టింది. ఒకసారి కుయ్‌మంటే లైను సరిచేసి మళ్లీ నడిపింది. మొత్తం పద్దెనిమిది నిమిషాలు. మిగిలిన అమ్మాయిల్లో ఎక్కువమంది కూడా గట్టెక్కారు. ఆరు నెలలుగా తప్పులన్నీ వాళ్ల చేతికే వచ్చాయి మరి. సాయంత్రం రజితను పిలిచి, అబ్బాయిలవి ఎప్పటి నుంచి దిద్దుతున్నావమ్మా అని అడిగాను.

"రెండో వారం నుంచి సార్. మీరు మార్చొద్దన్నరు గదా, అందుకే చెప్పలె."

ఆ రాత్రి కూర్చుని లెక్క చూసుకున్నాను. నేను నేర్పలేదు సరే, నేర్చుకున్నది కూడా చూడలేదు. పైగా ఆమెకు దక్కాల్సిన ఉద్యోగానికి నా చేతులతో ఇంకొకరి పేరు రాసి పంపాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కడగక తప్పదు కాబట్టి రజితకు కబురు పంపి, మర్నాడే ఎల్లారెడ్డి బస్సెక్కాను. లింగంపేటలో రజిత, చాట చంకన పెట్టుకుని నర్సవ్వ ఎక్కారు.

శ్రీకాంత్ బదులు రజితను తీసుకోమని అడిగితే, గౌస్ సాబ్ టీ తెప్పించారు గానీ మాట మెత్తబడలేదు. "ఈడ గోదాం ఉన్నది సార్. హమాలీలు తిరుగుతరు. ఆడపిల్లకు ముష్కిల్ అయితది. ఇగ మిషన్ కూడ దసర కాడికెల్లి ఖరాబున్నది. కొడితె అక్షరాలే వస్తలేవు. మొగపిలగాడైతె ఇప్పి సూస్తడు."

యంత్రం బల్ల మీద దండతో, నుదుట బొట్టుతో నిండుగా ఉంది. ఆయుధపూజకు తామే దాని ముందు కాయ కొట్టించామని గౌస్ సాబ్ గర్వంగానే చెప్పారు. రజిత కీబోర్డు తీసి తలకిందులు చేసింది. జలజలమని అక్షింతలు రాలాయి. లోపల కొబ్బరినీళ్లూ పసుపూ కలిసి గట్టిపడి మీటలు అంటుకుపోయాయి. అమ్మ చాటలోంచి బీడీ ఆకు కత్తెర తీసుకుని, దాని మొనతో ఒక్కో మీట పైకి లేపి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ వరుసలో బిగించింది. గంట పట్టింది. తర్వాత గౌస్ సాబ్ పేరు కొట్టి చూపింది. ఆయన తెర మీద తన పేరును రెండుసార్లు చదువుకున్నారు.

"హమాలీలకు నేను చెప్త. రేపటికెల్లి వస్తవా బిడ్డా?"

రజిత కంటే ముందు నర్సవ్వ నోరు తెరిచింది. "ఈడ తలుపు మూస్తరా సాబ్?"

"గా తలుపు పట్టక రెండేండ్లాయె అవ్వా. మూద్దామన్నా మూసుకోదు."

నర్సవ్వ కత్తెర తుడిచి కొంగున కట్టుకుంది. చాట మాత్రం బిడ్డ చేతికివ్వలేదు.

శ్రీకాంత్ పరీక్ష తప్పాడు. సిగ్గుపడుతూనే పగటి బ్యాచ్‌లో అమ్మాయిల పక్కన కూర్చుని కొట్టడం నేర్చుకున్నాడు. రెండేళ్ల తర్వాత దుబాయి నుంచి ఉత్తరం వచ్చింది. దరఖాస్తులు టైపు చేసే ఆఫీసులో పని దొరికిందట. "ఈడ టైపు అంత మొగోళ్లే కొడుతరు సార్" అని రాశాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది చిన్న విషయమే. ఉత్తర్వులో లేనిదాన్ని ఉందనుకుని చదివాను, అది తప్పని పరీక్ష రోజు దాకా నాకు తట్టలేదు. తర్వాత పదకొండేళ్లు ఆ గదిని నడిపాను. ప్రతి ఏడూ మొదటి రోజున ఉత్తర్వును పిల్లలందరి ముందు పైకి చదివి, ఎవరి ప్రోగ్రామును వాళ్లతోనే కొట్టించాను. హాజరుపట్టీలో ఆడ, మగ అని ఒక గడి ఉండేది. అది మాత్రం కోర్సు ముగిసి, మార్కులు వేశాకే నింపేవాణ్ని.