మిగతాది ఏది?

మా భావనపాడు మావ ఫిరంగి దళంలో పనిచేసి వచ్చిన మనిషి. తిమింగలం మీద కూర్చుని కళింగపట్నం వెళ్లొచ్చానని ఊరందరినీ నమ్మించిన నేను, ఆయన ముందు మాత్రం చిన్న కోత కూడా కోయలేకపోయేవాణ్ణి. ఎవరేం చెప్పినా కన్ను చికిలించి, "మిగతాది ఏదిరా?" అనేవాడు.

ఒక వేసవిలో మా బావ రొయ్యల చెరువు తవ్విస్తుంటే తుప్పుపట్టిన ఇనుప పెంకు దొరికింది. పాత ఇనుప కొట్టుకి వేసేముందు మావకి చూపించాడు. మావ దాని వంపులో బొటనవేలు ఆనించి చూశాడు. అది పాత యుద్ధకాలం నాటి, మందు కూరిన ఫిరంగి గుండు ముక్క అని నాకు తర్వాత చెప్పాడు.

"మిగతాది ఏదిరా?"

"ఇదొక్కటే మావా. ఒట్టు."

అడగకుండా వేసిన ఒట్టు మావకి గిట్టదు. "అలగైతే ఇది పంపు ముక్కే. సుత్తితో పగలగొట్టి అమ్ముకో," అన్నాడు తాపీగా.

బావ మొహం వెలిగింది. "పెద్దదాన్ని కూడా కొట్టొచ్చా మావా?"



"ఎక్కడెట్టినావు?" అన్నాడు మావ.

"అమ్మ పడుకున్న మంచం కింద."

"నువ్వు పోలీసులకి ఫోన్ సెయ్యి. మీయమ్మని నాను తీసుకొస్తాను," అని బావకి చెప్పి, మావ చెప్పులు విప్పి, అడుగుల చప్పుడు కాకుండా బావ ఇంట్లోకి నడిచాడు.