కోల్డు స్టోరేజీలో నా ప్రోగ్రాం

అప్పట్లో గుంటూరులో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళని "ఏం చేస్తున్నావు" అని ఎవరూ అడిగేవారు కాదు, "ఎక్కడ నేర్చుకుంటున్నావు" అనేవారు. ఏం నేర్చుకుంటున్నామో వేరే చెప్పాలా, కంప్యూటరే. నేనూ బ్రాడీపేటలో ఒక సెంటర్లో చేరి, చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి మహా భక్తిగా వెళ్ళేదాన్ని. (సగం భక్తి ఏసీ మీదే.) ఆరు నెలలు కిందామీదా పడి, ఏ ఊరి బస్సు ఎప్పుడుందో చెప్పే ప్రోగ్రాం ఒకటి రాశాను. పరీక్షలో అది నడిస్తే సర్టిఫికెట్, నడవకపోతే నోరుమూసుకుని బి.ఎడ్.లో చేరాలని నాన్న షరతు. టీచరుద్యోగం మంచిదే, కానీ నా గొంతు వింటే పిల్లలు బడి మానేస్తారు.

పరీక్షకు వారం ముందు మా సారు ఎవరి ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ వాళ్ళ చేతికిచ్చి, వేడి తగిలితే లోపలున్నదంతా పోతుందని హెచ్చరించారు. మే నెల గుంటూరులో ఆ మాట అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో! మా రేకుల ఇంట్లో బిందెలో నీళ్ళే కాగిపోయేవి. ఫ్లాపీని బియ్యం డబ్బాలో పెట్టాను, మంచం కింద పెట్టాను, మనసు నిలవలేదు. నా అవస్థ మా బాబాయి చూశాడు. ఆయన నల్లపాడు రోడ్డులో మిర్చి కోల్డు స్టోరేజీలో సూపర్‌వైజరు.

"ఏడాది పెట్టినా కాయ రంగే పోదు, నీ ప్రోగ్రాం ఎక్కడికి పోద్దమ్మాయ్?" అన్నాడు.

నాకూ సబబుగానే తోచింది. (డిగ్రీలో ఫిజిక్సు చదివానని ఇక్కడ చెప్పకపోవడమే మంచిది.) అలా నా ఫ్లాపీ గుడ్డసంచిలో పడి, మిర్చి బస్తాల మీద వారం రోజులు హాయిగా చల్లగా పడుకుంది.

పరీక్షనాడు బాబాయి దాన్ని తిన్నగా స్కూటర్ మీద తెచ్చిచ్చాడు. వేడిగాలి తగలగానే దానికి చెమటలు పట్టాయి. తుడిచి కంప్యూటర్లో పెడితే గుర్రుమంది తప్ప ఏమీ చూపించలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షాధికారి దాన్ని తీసి కళ్ళ దగ్గర పెట్టుకున్నారో లేదో, వరసగా ఏడు తుమ్ములు తుమ్మారు. ఏమిటిదని అడిగితే, కోల్డు స్టోరేజీలో పెట్టామండీ అన్నాను. గదంతా గొల్లుమంది. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. ఇంకో కాపీ లేదని చెప్పాను. ఆయన గడియారం చూసుకుని, గంట టైముంది, గుర్తున్నంత రాయమన్నారు.

రాశాను. ఆరు నెలలు తిట్టుకుంటూ రాసింది కదా, ప్రతి లైనూ గుర్తుంది. గంట కావస్తుండగా చీరాల బస్సు టైము తెర మీద కనిపించింది. ఆయన ముక్కు తుడుచుకుంటూ నా కాగితం మీద సంతకం పెట్టారు.

"పొద్దుట్నుంచీ అందరి ఫ్లాపీలూ నడిచాయమ్మా. అన్నిట్లోనూ ఒకటే ప్రోగ్రాం. సొంతంగా రాసింది నువ్వేనని నీ ఫ్లాపీ పాడైతే గానీ తెలియలేదు."

ఈమధ్య మా కంపెనీ ఫైళ్ళన్నీ దాచే చోటుకి పనిమీద వెళ్ళాను. పెద్ద హాలు, వరసగా బీరువాలంత యంత్రాలు, పళ్ళు టకటకలాడే చలి. బయటికొచ్చి బాబాయికి ఫోన్ చేశాను. ఇప్పుడాయనకు చెవుడు, అరిచి చెప్పాలి. అంతా విని, "అప్పుడే చెప్పానా, నా మాట ఎప్పుడు విన్నావు గనక!" అని విసుక్కున్నాడు.

విన్నాను బాబాయ్. వినబట్టే కదా సర్టిఫికెట్ వచ్చింది.