గేటు కాసిన మొగులయ్య

కండ్లకోయ దాటాక, మొగుడి దెబ్బలకు తాళలేక వచ్చిన ఆడవాళ్ల కోసం సర్కారు సాయంతో ఒక ఆశ్రయగృహం నడిచేది. దాని గేటుకు అడ్డంగా స్టూలు వేసుకుని మొగులయ్య కూర్చునేవాడు. ఏ మొగుడొచ్చి ఎంత అరిచినా నోట్లో బీడీ తీయకుండానే "లోపలికి పోనియ్య" అనేవాడు. రెండువేల నాలుగులో నిధులు ఆగిపోయి గృహం మూతపడింది. ఇంటి యజమాని లోపల సిమెంటు బస్తాలు వేయించి, అతన్నే కాపలా ఉంచాడు.

ఒక మధ్యాహ్నం పెదవి చిట్లిన పిల్ల ఒకతె బస్సు దిగి వచ్చింది.

"బంద్ అయింది బిడ్డా," అన్నాడు.

"మరి నేనెటు పోవాలె తాతా?"

ఆమెను తన స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. ఆమె తాగుతుండగానే మొగుడు స్కూటర్ మీద వచ్చి "నడువ్" అన్నాడు. మొగులయ్య అలవాటుగా లేచి గేటుకు అడ్డం నిలబడ్డాడు. కానీ ఆమె గేటు బయటే ఉంది. గ్లాసు కింద పెట్టి, వెళ్లి స్కూటర్ ఎక్కింది.

బండి మలుపు తిరిగాక అతని చెయ్యి మొలతాడు మీదికి పోయింది. గేటు తాళంచెవి అక్కడే ఉంది.

సిమెంటుకు వచ్చినవాళ్లతో ఇప్పటికీ అంటాడు: "బస్తాల నడుమ జర జాగ ఉండె. ఆ పిల్లను లోపలికి తోలి తాళమేయకపోతిని."