నా పరుగు, అతని కాళ్ళు

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. నా స్నేహితుడు తన బూట్లు విప్పి ఇస్తే తీసుకున్నాను, వేసుకుని పరుగెత్తాను. ఆ కాళ్ళు కదిలితేనే అతని మగ్గం కదులుతుందని తెలిసి కూడా.

పరుగెత్తినందుకు మాత్రం నాకు ఇప్పటికీ విచారం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బయలుదేరి విజయవాడ రోడ్డు మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాటేదాకా వెళ్ళి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి. నలభై రెండు కిలోమీటర్లు. ఆ వయసు తిరిగిస్తే ఇంకోసారి పరుగెత్తుతాను. ఎవరు నవ్వినా సరే.

అప్పట్లో నేను వనస్థలిపురంలో కొత్తగా ఇల్లు వచ్చిన గుమాస్తాని. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చినవాణ్ణి. మా వీధిలో సగం ఇళ్ళకు ఇంకా తలుపులు పెట్టలేదు. పగలంతా ఇటుక లారీలు, ఇసుక లారీలు. మొదలుపెట్టిన పని వదిలేయడంలో నాకు మంచి పేరుండేది. టైపు పరీక్ష వదిలేశాను, హిందీ పరీక్ష వదిలేశాను. ఇంటి వెనక బావి తవ్వడం మొదలుపెట్టి, నడుంలోతు రాగానే రాయి తగిలిందని అదీ వదిలేశాను. పక్కింటివాళ్ళు అందులో చెత్త పోసేవారు.

అందుకే ఒక యువజన సంఘం వాళ్ళు మారథాన్ పెడుతున్నారని తెలిసి పేరు ఇచ్చానంటే ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. నా పక్క సీటాయన మరీనూ.

"గురువుగారూ, ఎల్బీనగర్‌లో ఆగిపోతే దిగులు పడకండి. అక్కణ్ణించి బస్సులు బాగానే ఉన్నాయి."

ఆ మాట పట్టుకునే రోజూ తెల్లవారకముందే లేచి రోడ్డెక్కాను. అక్కడే అతను పరిచయమయ్యాడు. నా ఈడువాడే. పోచంపల్లి వైపు నుంచి వచ్చిన నేతగాడు. మగ్గం కోసం నేలలో గుంట తవ్వాలి. కొత్త కాలనీల్లో మొజాయిక్ గచ్చు మీద గుంట తవ్వనిచ్చే ఇంటివాడెవడుంటాడు? అందుకని అల్మాస్‌గూడలో మట్టి నేల ఉన్న పాత ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. రోజంతా గుంటలో కాళ్ళు వేలాడేసి, కింది చెక్కలను పాదాలతో తొక్కుతూ కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయని పొద్దున్నే పరుగెత్తేవాడు. నాలుగడుగులకే ఆయాసపడే నన్ను చూసి జాలిపడి తన వేగం తగ్గించాడు. ఆ తర్వాత ఇక ఎప్పుడూ నన్ను ఒంటరిగా వదల్లేదు.

పోటీకి అతను పేరివ్వలేదు. తోడు వస్తానన్నాడు.

"పేరు లేకుండా అంత దూరం నీకెందుకయ్యా?" అన్నాను.

"నువ్వు నడుమల ఆటో ఎక్కకుంట సూస్తందుకు."

అప్పుడతని మగ్గం మీద పెళ్ళి చీరలున్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణదారు ఇచ్చిన పని. ఉగాదిలోపల చీరలు అందకపోతే ఇక నూలు ఇవ్వనని ముందే చెప్పాడు. ఈ సంగతి నాకు తెలుసు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, తెలియక చేశానని తర్వాత ఎవరితోనూ అనలేకపోయాను, ఇప్పుడూ అనలేను.

పోటీకి ముందు రోజు నేను కోఠి వెళ్ళి తెల్లటి కొత్త బూట్లు కొన్నాను. ఫొటోలు తీస్తారని ఎవరో అన్నారు. నా సైజు లేకపోతే కాస్త బిగుతుగా ఉన్నవే తెచ్చుకున్నాను.

"కొత్త బూట్లు పెండ్లికి ఏస్కో సారూ. ఉరుకుడుకు ఒద్దు," అన్నాడతను. వినలేదు.

హయత్‌నగర్ దాకా హాయిగా వెళ్ళాం. ఆ తర్వాత మడమల దగ్గర మంట మొదలైంది. అతనికి చెప్పలేదు. చెబితే తను అన్నదే నిజమవుతుందని. అబ్దుల్లాపూర్‌మెట్ దాటి, వెనక్కి తిరిగే చోటికి వచ్చేసరికి మేజోళ్ళు మడమలకు అంటుకుపోయాయి. కల్వర్టు గోడ మీద కూలబడ్డాను. ఆగిపోయినవాళ్ళను ఎక్కించుకునే జీపు పక్కనే వచ్చి ఆగింది.

"సరదాకి ఇంత చాలండీ. ఎక్కండి," అన్నాడు అందులో ఉన్నాయన.

నాకు ఎక్కాలనే ఉంది. ఒక కాలు కిందికి దించాను కూడా.

"ఎక్కడు," అన్నాడు నా స్నేహితుడు, నా బదులు. "ఇంటెనుక బాయి ఒకటి సగం తవ్వి ఇడిసిపెట్టిండు. ఇంకోటి గూడ ఇడిసిపెడితే కాలనీవోళ్ళకు పోసెటందుకు చెత్త సాలది."

జీపాయన నవ్వాడు. నాకు కోపం వచ్చింది, ఆ కోపంతోనే లేచి నిలబడ్డాను. నిలబడగలిగానే గాని అడుగు వేయలేకపోయాను. అప్పుడతను కింద కూర్చుని తన బూట్లు విప్పాడు. పాత కాన్వాసు బూట్లు, బొటనవేలి దగ్గర చిరిగి, ఉతికి ఉతికి మెత్తబడినవి.

"మరి నీకో?"

"మా ఊర్ల బడికి చెప్పులేస్కొని ఎవడు పోయిండు? నాకేం గాదు. ఏస్కో, పొద్దెక్కుతుంది."

నా బూట్లు అతని పాదాలకు ఎక్కలేదు. తాళ్ళు ముడేసి మెడలో వేసుకున్నాడు. నాకేం గాదు అని అతనన్న మాట నేను నమ్మలేదు. నమ్మినట్టు ఉండిపోవడం సుఖంగా ఉందంతే. అతని బూట్లలో నా కాళ్ళు దూదిలో పెట్టినట్టున్నాయి.

కొంత దూరం అతను రోడ్డు పక్క మట్టి మీద పరుగెత్తాడు. తర్వాత రోడ్డు వెడల్పు చేస్తున్న చోటు వచ్చింది. మట్టి బాట తవ్వేసి ఉంది. రోడ్డంతా కొత్తగా పోసిన కంకర, దాని మీద అక్కడక్కడా తారు. ఎండ ముదిరింది. నేను ముందు, అతను వెనక. అతని అడుగుల చప్పుడు మారడం నాకు వినిపించింది. అంతవరకూ సమానంగా పడుతున్న అడుగుల్లో ఒకటి ఆలస్యంగా పడడం మొదలైంది. తిరిగి చూడలేదు. చూస్తే ఆగాలి. ఆగితే మళ్ళీ కదలలేను. ఆ మాటే మనసులో అనుకుంటూ, ముందు వెళ్తున్న లారీ వెనక పలక మీద చూపు పెట్టుకుని పరుగెత్తాను. ఆ కంకర ఎంత దూరం ఉందో నాకు గుర్తులేదు. గుర్తున్నది అతనికే.

వెనక నుంచి మాటలు మాత్రం ఆపలేదు. "సారూ, మీ దిక్కు మనుషులు గింత మెల్లగ ఉరుకుతరా?" "సారూ, నీకంటె ఆ బర్రె నయ్యం." బర్రె నిజంగానే మమ్మల్ని దాటింది.

ఎల్బీనగర్ చౌరస్తాలో చెరుకురసం బండి దగ్గర మా పక్క సీటాయన కుటుంబంతో నిలబడి ఉన్నాడు. నా కోసమే వచ్చాడో, పని మీద వచ్చాడో.

"ఇంకా పరుగెత్తుతున్నారా గురువుగారూ? బహుమతులిచ్చేసి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు."

"మేం బహుమతి కోసం రాలేదండీ," అన్నాను. "మీరు రసం తాగండి, చల్లారిపోతుంది."

చెరుకురసం చల్లారడమేమిటని నా స్నేహితుడు కొత్తపేట దాకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు మధ్యలో ఒకటి రెండు సార్లు పళ్ళ సందునుంచి ఊపిరి లాగిన చప్పుడూ వినిపించింది.

దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి షామియానా విప్పేస్తున్నారు. గీత గీసిన చోట ఇద్దరు కుర్చీలు మడతపెడుతున్నారు.

"టైమైపోయిందండీ. ఇక పేర్లు రాయం," అన్నాడు సంఘం మనిషి.

"రాయకండి. ఆ కుర్చీలు కాస్త పక్కకు జరపండి."

జరపలేదు. వాటి మధ్యలోంచే దాటాం. నా జీవితంలో మొదలుపెట్టి చివరిదాకా చేసిన మొదటి పని అది. ఎవరి కాగితంలోనూ లేకపోయినా జరిగింది జరిగిందే. చేతులు పైకెత్తాను. ఇంతలో వెనక ఎవరో కసిరారు.

"అరే, లెవ్వు లెవ్వు. జంఖానా ఖరాబైతుంది."

మడతపెట్టిన జంఖానా మీద అతను కూర్చుని ఉన్నాడు. పాదాల కింద జంఖానా ఎర్రగా తడిసింది. అరికాళ్ళలో చర్మం పొరలుగా లేచిపోయి, లోపల కంకర ముక్కలు దిగి ఉన్నాయి. అతను నా వైపు చూసి, "ఎక్కలే గదా ఆటో," అన్నాడు.

ఆటో అప్పుడు ఎక్కాం. దవాఖానలో డాక్టరు రాళ్ళు తీసి, కట్లు కట్టి, మానేదాకా పాదం నేల మీద పెట్టొద్దన్నాడు. తొక్కడం అన్న మాటే వద్దన్నాడు.

మర్నాడు నేను కొత్త బూట్ల జత ఒకటి, ఈసారి అతని సైజువి, కొనుక్కుని అల్మాస్‌గూడ వెళ్ళాను. తలుపు తీసిన అతని భార్య ఆ డబ్బా చూసింది.

"బూట్లేస్కొని మగ్గం నడిపిస్తరా?"

ఆమె డబ్బా గూట్లో పెట్టి, లోపలికి వెళ్ళి గుంటలోకి దిగింది. అతను మంచం మీద నుంచి మెల్లగా చెప్పాడు. ఆమెకూ నేయడం వచ్చు, చీరలు ఆమె నేస్తుంది. కాని రాట్నం మీద నూలును కండెలకు చుట్టి మగ్గానికి అందించడం రోజూ ఆమె పని. ఇప్పుడది చేసేవాళ్ళు లేరు.

"నేను చేస్తాను," అన్నాను.

మగ్గం చప్పుడు ఆగింది. "ఇది ఉరుకుడు గాదు," అంది ఆమె లోపల్నించి.

ఆ రోజు నుంచి ఆఫీసు కాగానే ఇంటికి పోకుండా అక్కడికే వెళ్ళేవాణ్ణి. నేను చుట్టిన మొదటి కండెను ఆమె వెలుతురుకు పట్టి చూసింది. "ఇది కండెనా, గుమ్మడికాయనా?" అని మొత్తం విప్పించింది. ఎన్నిసార్లు విప్పించిందో. నా వేళ్ళకు రంగు అంటి వదిలేది కాదు. ఆఫీసులో పక్క సీటాయన చూసి, "ఏం గురువుగారూ, ఆడవాళ్ళ పనిలో చేరారట?" అన్నాడు.

"చేరాను. కష్టంగా ఉంది. మీ వల్ల కాదు," అన్నాను.

ఉగాది దగ్గరపడింది. చీరలు పూర్తి కాలేదు. ఆలస్యం గురించి దుకాణదారుకు చెప్పాల్సిన మాట ఎవరు చెప్పాలా అని ఆ ఇంట్లో భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, నేను బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. గల్లా పెట్టె ముందు నిలబడి జరిగినదంతా చెప్పాను. తప్పు నేతగాడిది కాదని, నాదని, అతని బూట్లు వేసుకుని పరుగెత్తింది నేనని, నూలు ఆపాలంటే నాతో మాట్లాడమని. గొంతు గట్టిగానే వచ్చింది. బేరానికి వచ్చినవాళ్ళు తిరిగి చూశారు.

ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంతకూ మీరెవరండీ వాళ్ళకు?"

"వాళ్ళింట్లో కండెలు చుడతాను," అన్నాను.

పండగయ్యాక పది రోజులు గడువిచ్చాడు. ఆ మాట మోసుకుని అల్మాస్‌గూడ చేరేసరికి దీపాలు పెట్టారు. చెప్పి, చొక్కా చేతులు మడిచి, రాట్నం ముందు కూర్చున్నాను.