స్పిరిట్ సీసా మూత

తెనాలిలో రేపల్లె బస్సెక్కిన కాసేపటికే నా సంచిలోని సీసా కొంచెం కారింది. తలుపుల పాలిష్ కోసం కొన్న స్పిరిట్ అది. పక్క సీట్లో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్న పెద్దాయన ఇటు తిరిగాడు.

"స్పిరిట్టా అమ్మా?"

"అవునండి. వాసన ఇబ్బందిగా ఉందా?"

"లేదమ్మా. నేనూ పాలిష్ పనివాణ్ణే. దీంట్లో లక్క కరిగించి తలుపులకి పట్టించేవాణ్ణి."

దీనికి నీలం రంగెందుకని అడిగాను.

"ఇదీ సారా లాంటిదేనమ్మా. తాగేదానికైతే పన్ను ఎక్కువ. పనులకి వాడేది చవగ్గా దొరకాలి, కానీ దాన్నెవరూ తాగకూడదు. అందుకని విషమూ చేదూ కలిపి రంగేస్తారు."

కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"నిమ్మకాయ పిండితే ఆ చేదు పోతుందని పనిలో ఎవరో చెప్పారు. చేదు పోయింది. విషం పోలేదు. కళ్ళు పోయాయి."

నేను తల దించుకున్నాను.

"ఆ చేదు నాలాంటోడి కోసమే కలిపారమ్మా. నేనే తీసేసుకున్నా."

సీసా ఇమ్మని చెయ్యి చాపాడు. ఇవ్వాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను. అది ఆయనకు తెలిసినట్టే ఉంది, అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇచ్చాను. మూత తడిమి, పళ్ళు బిగబట్టి తిప్పి, తిరిగి నా ఒళ్ళో పెట్టాడు. కండక్టరు వేమూరు అనగానే దిగిపోయాడు.

ఇంటి దగ్గర ఆ మూత నాకు ఊడి రాలేదు. పాలిష్ పనికి వచ్చినతను పట్టకారుతో తిప్పాడు.

"ఇంత గట్టిగా ఎవరు బిగించారండీ?" అన్నాడు.

పని అయ్యాక అంతే గట్టిగా బిగించాలని చూశాను. నా వల్ల కాలేదు.